మీటరు చెప్పిన ముచ్చట

రికార్డు బుక్కు జిరాక్సుకిచ్చి
బెంచీ మీద కాళ్లూపుకుంట అడిగింది తొమ్మిదో తరగతి కీర్తన:
"అంకుల్, ముచ్చట కంపెనీ మీ మేడ మీదనే పుట్టిందంట, నిజమేనా?"

నిజమే బిడ్డా.
హన్మకొండ కిషన్‌పురల, గీ మెట్లెక్కితే ఎడమచేతి రూము.
ఎండకాలం రేకులు కాగి పెనమయ్యేది.
పద్దెనిమిది వందల కిరాయి, కరెంటు వేరే.
నుస్రత్, ఓదేలు, ఇద్దరికీ ఒక్కటే టేబుల్ ఫ్యాను.
అది గూడ కంప్యూటర్ దిక్కే తిప్పి పెట్టేటోళ్లు.

ఓదేలు నాయన ఎనుమాముల మార్కెట్ల హమాలి.
మిర్చి బస్తా ఎత్తితే తుమ్ము, దించితే తుమ్ము.
పొద్దుగాల తేజ రకం ఎంత పలికిందో
పరకాల రైతుకు మాపటికి గాని తెలువకపోయేది.
"గా ధర ఫోన్ల ఏస్తే?" అన్నడు వాడు.
"ధరొక్కటే ఎందుకు, మాట గూడ ఏద్దాం" అన్నదామె.
ఇంతకు మించిన రహస్యం ఏం లేదు.

మొదటి నెల నూట పన్నెండు మంది.
అందుల నేనొకన్ని. మీ ఆంటీ పేరు మీద గూడ నేనే.
మొగులైందని ఒకలు, బస్సు రాలేదని ఒకలు.
నర్సంపేటల ఒకామె తన బర్రె ఈనిందని ఫోటో పెడితే
ములుగు నుంచి నలభై మంది "మాకు జున్నేది?" అన్నరు.
ఆ రాత్రి నుస్రత్ నవ్వు కింద షాపు దాక ఇనొచ్చింది.
"సార్, మిర్చి కాదు సార్, జున్ను!"
నాకప్పుడు సమజ్ కాలే.

నాకు లెక్క తెలిసింది మీటరు తోని.
నూట ముప్పై యూనిట్లు, నాలుగొందలు, తొమ్మిదొందలు.
ఎవలెవలు ఎవలికి దోస్తులైండ్రో
నా గోడ మీద చక్రం గిర్రున తిరిగి చెప్పేది.

ఆర్నెల్ల కిరాయికి బదులు కంపెనీల వాటా ఇస్తనని
కాయితం పట్టుకొచ్చిండు ఓదేలు.
నేను రోజుకు వెయ్యి కాయితాలు చూసే మనిషిని.
"కాయితాలు నాకే మస్తున్నయ్, పైసలియ్యి" అన్న.
నవ్వకు కీర్తనా.
దాని విలువ ఇప్పుడు యాదికొస్తే ఇంట్ల రెండు రోజులు మాటలుండయ్.

"వాడుకునుడు ఫ్రీ కదా అంకుల్, మరి పైసలెట్లొచ్చినయ్?"

గిది అడిగినందుకు నీకు ఒక పేజీ ఫ్రీ.
గీ గోడకు ట్యూషన్ పోస్టరు అంటిస్తే నాకు యాభై ఇస్తరు.
ప్రింటు వచ్చేదాక నీ చూపు ఊకె గోడ మీదికి పోతది.
ఆ చూపునే నేను అమ్మింది.
ముచ్చట గూడ గంతే. కాకపోతే వాళ్ల గోడకు అంతు లేదు,
వేలితోని ఎంత జరిపితే అంత వస్తది.
ఇంకొకటి: నా గోడ నిన్ను చూడదు.
అది చూస్తది. ఏడ నీ బొటనేలు ఆగిందో రాసుకుంటది.

ఒక మంగళారం
"రేపటి నుంచి మార్కెట్ బంద్" అని ఎవడో ఏసిండు.
ఓదేలు నాయన సద్ది ఇప్పకముందే
ఆ అబద్ధం భూపాలపల్లి దాటింది.
ఊర్లల్లనే సగం ధరకు తెగనమ్ముకున్నరు.
సాయంత్రం ముసలాయన మొదటిసారి గీ మెట్లెక్కిండు,
బట్టలకు మిర్చి ఘాటు, నాకు కింద కండ్లు మండినయ్.
"ఎవడో రాస్తే మేమేం చేస్తం నాయనా?"
"బస్తాల ఏమున్నదో చూడకుంట మోసేటోన్ని నేను, హమాలిని.
నువ్వు సదువుకున్నవ్ గద."

తర్వాత రాతలు చూసేతందుకే ఆరుగురిని పెట్టిండ్రు.
తర్వాత కోట్లొచ్చినయ్, హైదరాబాదుల అద్దాల బిల్డింగొచ్చింది.
ఇప్పుడు ఆ ఆరుగురు ఎంతమందైండ్రో, ఉన్నరో లేరో,
నాకు చెప్పే మీటరు లేదు.
వైరు కోసం గోడకు కొట్టిన బొక్క మాత్రం ఉన్నది,
వానొస్తే అందులకెళ్లి కారుతది.

నలభై రెండు పేజీలు, ఒకటి ఫ్రీ.
చిల్లర తీసుకొని పిల్ల మీటరు కాడ నిలబడ్డది.
"చక్రమేది అంకుల్?"
మార్చిండ్రు బిడ్డా. ఇప్పుడు అన్నీ అంకెలే,
పక్కన ఒక ఎర్ర లైటు
రాత్రింబవళ్లు రెప్ప కొడుతది.